రెండించులు లోపలికి

డీసీఎం మాట్లాడబోతుంటె
ట్రాలీ ఆటో చాలన్నది చెన్నమ్మ.
అదీ సగమే నిండింది.
డ్రైవరు ఇంట్లకు తొంగిజూసి అడిగిండు,
"ఇంతేనా అమ్మా, ఇంకో ట్రిప్పున్నదా?"

ఏనుగొండల మూడర్రల ఇల్లు ఇడిసి
గడియారం కాడ, మందుల షాపు మీద, ఒక్క అర్రకు.

తగ్గించుకునేతందుకు వారం పట్టింది.
బీరువా ఖాజాబీకి.
ఇసుర్రాయి ఎవ్వరూ ఒద్దన్నరు,
గేటు పక్కన ఆనిచ్చి మొకం తిప్పుకున్న.
మంచం కొత్తింటి మెట్ల మలుపు తిరగదని
టేపు తీస్కపోయి ముందే కొలిచొచ్చిన.
నా మిషిన్ పడితె చాలు,
మనుషులం ఎట్లనన్న పడతం.

ఆడిబిడ్డ మాత్రం ఇత్తడి గంగాళం ఇడువలె.
"అండ్ల పోయనీకి నీళ్లేడియి?" అన్న.
"రాకపోతయా" అన్నది.
పాలమూరోళ్ల మాట అది, ఎదురు జెప్పొద్దు.
గంగాళంల బియ్యం, బియ్యంల గిన్నెలు,
గిన్నెలల్ల దారపు రీళ్లు, గుండీల డబ్బ.

తీస్కపోరానిది గోడ.
మిషిన్ ఎనకాల గోడ, ముప్పై ఏండ్ల పెన్సిల్ రాత.
నోటుబుక్కుకు పైసల్లేని దినాలల్ల మొదలయ్యింది,
పైసలొచ్చినంక గూడ చెయ్యి గోడకే పోయేది.
ఛాతి ముప్పైనాలుగు. చెయ్యి పది.
పేర్లు పూరగ రాయలె ఎన్నడూ,
పాలామె, పోస్టు సారు బిడ్డ,
తట్టలు మోసి ఎడమ భుజం కిందికి జారినామె.
కొందరు ఆ అంకెలు దాటి పెరిగిన్రు.
కొందరు రెడీమేడుకు పోయిన్రు.
కొందరు అసలే పోయిన్రు.

ఇల్లు కొన్నాయన దసరకు రంగేయిస్తనన్నడు.
ఆఖరి రాత్రి చెన్నమ్మ ఫోన్ లైటు పట్టి సదువుతుంటె
పాత క్యాలెండరు ఎనక నేను రాసుకుంటున్న.
"మెడ పదిహేను. భుజం పదిహేడున్నర..."
గొంతు ఆగింది.
ఆడ పేరు లేదు, రాసే అవసరం పడలె.
ఆమెకు అన్న. నాకు పెనిమిటి.
ఎవ్వరం మాట్లాడలె.
అదొక్కటి క్యాలెండరు మీద రాయలె నేను,
నోటికొస్తది.

పది బై పదకొండు.
ఓనరమ్మ ముందే చెప్పింది,
మొల కొట్టొద్దు, గోడల మీద గీతలొద్దు.
పోపు పెడితె గిరాకి చీరలకు ఎల్లిపాయ వాసన.
నడిరాత్రి చెన్నమ్మ కాలు సాపితె
గంగాళం ఖంగుమంటది,
ఇద్దరం లేసి కూసొని నవ్వుకుంటం.
ఒక్క రాత్రి నవ్వు రాలె.

పెద్దది చిన్నగ జేసుడు నాకు తెల్వని పనా?
ఒళ్లు తగ్గినోళ్ల జాకిట్లు ఎన్ని పట్టియ్యలె.
కత్తెర పెట్టొద్దు. కుట్టు లోపలికి జరుపాలె,
మిగిలిన బట్టను మడతల్నే దాసాలె,
రేపు ఒళ్లొస్తె ఇప్పుకునేటట్టు.
మరి గీ అర్రకు ఆ మడత ఏడున్నదో,
ఎల్లెలుకల పండి పైకప్పు జూస్తె
అంతు వట్టలె.

నాలుగొద్దులకు ఎవలో మెట్లెక్కొచ్చిన్రు.
తల్లి, ఎంట అయిదో తరగతి పిలగాడు,
హాస్టలు నిక్కరు కుట్టాల్నంట.
నడుముకు టేపు సుట్టంగనె ఊపిరి బిగవట్టిండు.
"ఇడువు బిడ్డా. ఇడిసినంకనే కొలత."
ఇడిసిండు. టేపు కదిలింది.

క్యాలెండరు చేతికందే జాగల్నే ఉన్నది.
అయినా లేసి తలుపెనక్కు పోయిన,
ఓనరమ్మకు కనవడని మూలకు
పెన్సిల్ నాలికెకు తడిపి సన్నగ రాసిన.
నడుము ఇరవై రెండు.
పొడుగు పదమూడు,
రెండించులు లోపలికి.